చావు, దినాలు, జ్ఞాపకం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మారుతున్న పద్ధతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు ఇంట్లో చావు జరిగితే ఏది ఎప్పుడు చేయాలో వీధిలోని పెద్దలే వచ్చి చెప్పేవారు. ఇప్పుడు ఆ పెద్దలు లేరు, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉన్నారు, ఇల్లు చాలాసార్లు అద్దె ఇల్లు. అందువల్ల అవే సందేహాలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయి. చట్టం తప్పనిసరి చేసినవి చాలా కొద్ది. తక్కినదంతా కులాచారం, మతాచారం, కుటుంబ నిర్ణయం. ఏది ఏ కోవకు చెందుతుందో విడదీసి చెప్పడమే ఈ జవాబుల ఉద్దేశం.

## తొలి గంటల్లో

ఇంట్లోనే నిద్రలో పోయారు. ఆసుపత్రికి తీసుకుపోవాలా? ముందు ఎవరికి చెప్పాలి?

వృద్ధాప్యం వల్లనో దీర్ఘకాల వ్యాధి వల్లనో ఇంట్లో సహజంగా మరణించినవారిని ఆసుపత్రికి తరలించనక్కరలేదు. చివరి రోజుల్లో చికిత్స చేసిన వైద్యుణ్ణి పిలిపించి మరణాన్ని నిర్ధారించుకుని, కారణం తెలిపే పత్రం రాయించుకుంటే తరువాతి పనులు సులువవుతాయి. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో వార్డు సచివాలయానికి సమాచారం ఇవ్వాలి. మరణించిన సమయాన్ని కాగితం మీద రాసిపెట్టుకోవడం మరువరాదు. తిథి పట్టపగలే మారిపోవచ్చు గనుక, ఏడాది తరువాత ఆబ్దికం ఏ రోజున పెట్టాలో లెక్క కట్టేటప్పుడు పురోహితుడు మొదట అడిగేది ఆ సమయాన్నే.

పొలంలో పాము కరిచి పోయారు. పోలీసులకు చెప్పకుండా దహనం చేయవచ్చా?

చేయకూడదు. పాముకాటు, కరెంటు షాక్, రోడ్డు ప్రమాదం, నీట మునగడం, ఆత్మహత్య వంటి అసహజ మరణాలను ముందుగా పోలీసులకు తెలియజేయాలి. వారు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద విచారణ జరిపి, అవసరమైతే పోస్టుమార్టం చేయిస్తారు. కోత కోస్తారన్న బాధతోనో, ఊళ్లో పేరు పోతుందన్న భయంతోనో హడావిడిగా దహనం చేసిన కుటుంబాలు తరువాత ప్రమాద బీమాకు, నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకుని, పోస్టుమార్టం నివేదిక లేక ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. మీ ఊరి పెద్దమనుషులు ఎంత భరోసా ఇచ్చినా ఈ విషయంలో వారి మాట చెల్లదు.

అద్దె ఇంట్లో ఉన్నాం. శవాన్ని లోపలికి తేవద్దని ఇంటి యజమాని అంటున్నారు. ఏం చేయాలి?

నెల్లూరు, ఒంగోలు, కావలి వంటి పట్టణాల్లో ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యే కష్టం ఇదే. అద్దెకు ఇచ్చిన ఇంట్లో మృతదేహాన్ని ఉంచకూడదని చెప్పే చట్టం ఏదీ లేదు. యజమానుల భయమంతా నక్షత్రదోషం గురించే. ధనిష్ఠ ఉత్తరార్ధం మొదలు రేవతి దాకా సాగే ధనిష్ఠా పంచకంలోనూ, మరికొన్ని నక్షత్రాల్లోనూ మరణం సంభవిస్తే ఇంటిని కొన్ని నెలల పాటు పాడుపెట్టాలన్న నమ్మకం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే అద్దె పోతుందన్నది దాని వెనుక ఉన్న అసలు లెక్క. శాంతి చేయించి ఇంట్లోనే ఉండవచ్చని చెప్పే పురోహితులు చాలామందే ఉన్నారు కాబట్టి, యజమానితో వాదనకు దిగేకంటే శాంతి ఖర్చు మేము భరిస్తామని ముందే చెప్పడం చాలా చోట్ల పని చేస్తోంది. అదీ కుదరకపోతే సొంత ఊరి ఇంటికో, దగ్గరి బంధువు ఇంటికో, నేరుగా శ్మశానంలోని మండపానికో తీసుకువెళుతున్నారు. అపార్టుమెంటులో ఉన్నవారు సంఘం వారితో మాట్లాడి కింద పార్కింగు స్థలంలో కొన్ని గంటలు ఉంచుకునే ఏర్పాటు చేసుకుంటున్నారు. పాతికేళ్లు అద్దె కట్టిన మనిషిని చివరి రోజు వీధిలో పడుకోబెట్టడం ఏ శాస్త్రానికీ శోభ కాదు గాని, ఆ పూట ఆ మాట అనేంత ఓపిక ఇంటివారికి ఉండదు.

మా అబ్బాయి అమెరికా నుంచి రావాలి. ఐస్ పెట్టెలో ఎన్నాళ్లు ఉంచవచ్చు?

అద్దెకు దొరికే ఫ్రీజర్ పెట్టె ఒకటి రెండు రోజులకు సరిపోతుంది. అంతకు మించి ఆగవలసి వస్తే ఆసుపత్రి మార్చురీలో ఉంచడం మేలు. పెట్టె తెప్పించేటప్పుడు అది నిజంగా చల్లబడుతోందో లేదో చూసుకోవాలి, కరెంటు పోతే నడిపే జనరేటర్ సిద్ధంగా ఉంచుకోవాలి, నగలు ముందే తీసేయాలి. కొడుకు వచ్చేదాకా మూడు రాత్రులు శవం పక్కన కూర్చోవడం తల్లికి ఎంత భారమో కూడా ఆలోచించాలి. వీడియోలో చివరి చూపు చూసి, పెద్దకర్మ నాటికి వచ్చి చేరుకునే పిల్లలను ఇప్పుడు ఎవరూ తప్పు పట్టడం లేదు.

కువైట్‌లో మా తమ్ముడు చనిపోయాడు. భౌతికకాయం ఎలా తెప్పించుకోవాలి?

అక్కడి మరణ పత్రం, శరీరం చెడకుండా రసాయన ప్రక్రియ చేసినట్టు ధ్రువపత్రం, భారత రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు ఉండాలి. వీటి ఆధారంగా భౌతికకాయాన్ని దేశంలోకి తెచ్చే అనుమతి వేగంగా ఇచ్చేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఈ-కేర్ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. పనిలో పెట్టుకున్న యజమాని లేదా కంపెనీ సహకారం లేకపోతే జాప్యం జరుగుతుంది కనుక మొదటి రోజే రాయబార కార్యాలయానికి తెలపాలి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు కుటుంబాలకు సాధారణంగా చెన్నై విమానాశ్రయమే దగ్గర. అక్కడి నుంచి ఊరికి చేర్చే అంబులెన్సు కోసం రాష్ట్ర ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీని సంప్రదించవచ్చు.

నేత్రదానం చేయాలంటే ఎంతసేపట్లో చెప్పాలి?

ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి కాబట్టి మరణించిన వెంటనే నేత్రనిధికి ఫోను చేయాలి. ఆలోగా రెప్పలు మూసి, తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి. కార్నియా తీసిన తరువాత ముఖం వికృతంగా కనిపించదు. చనిపోయినవారు బతికుండగా సంతకం పెట్టకపోయినా కుటుంబం అంగీకరిస్తే చాలు.

నాన్నగారు దేహదానం చేయాలని కోరారు. అన్నయ్య ఒప్పుకోవడం లేదు. కాగితం ఉంటే చాలదా?

చాలదు. దాత బతికుండగా ఇచ్చిన అంగీకార పత్రం ఉన్నా, ఆచరణలో దగ్గరి బంధువుల సమ్మతి లేనిదే వైద్య కళాశాల దేహాన్ని తీసుకోదు. నెల్లూరులోని ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలలో గాని, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలలో గాని అనాటమీ విభాగాన్ని ముందే కలిసి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి ఎదుట సంతకాలు చేయించుకోవడమే దీనికి మార్గం. పోస్టుమార్టం జరిగిన దేహాలను, కొన్ని అంటువ్యాధులతో మరణించినవారి దేహాలను సాధారణంగా స్వీకరించరు గనుక, ఒకవేళ నిరాకరిస్తే అంత్యక్రియలు ఎలా చేయాలో కూడా అనుకుని ఉండాలి. దేహదానం చేస్తే కర్మలు చేయకూడదన్నది కేవలం అపోహ. దర్భలతో చేసిన ప్రతికృతికి దహన సంస్కారం జరిపే పద్ధతి శరీరం దొరకని సందర్భాల కోసం సంప్రదాయంలో మొదటి నుంచీ ఉంది. 2024 సెప్టెంబరులో మరణించిన సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించిన తరువాత ఈ ప్రశ్న పార్టీ కుటుంబాలను దాటి మామూలు ఇళ్లలోకీ వచ్చింది.

## శ్మశానంలో

మా నాన్నకు కొడుకులు లేరు. కూతుర్ని నేను తలకొరివి పెట్టవచ్చా? పెడితే ఆస్తి తగాదా వస్తుందా?

పెట్టవచ్చు; ఆపే చట్టం లేదు. కొడుకు లేనప్పుడు ఇంటి ఆడవారు కర్మ చేయవచ్చన్న మాట గరుడపురాణంలోనే ఉంది. ఆస్తికి తలకొరివికి చట్టంలో ఏ సంబంధమూ లేదు: హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంటుంది, ఎవరు నిప్పు పెట్టారన్నది ఆ హక్కును పెంచదు, తగ్గించదు. తలకొరివి పెట్టిన అన్న కొడుకు దాన్ని చూపించి పొలం అడిగే సంఘటనలు పల్లెల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి. విల్లు, దత్తత వంటి ఆధారం లేకుండా ఆ వాదన నిలవదు.

ఆచరణకు వస్తే, అభ్యంతరం శ్మశానంలో కంటే ఇంటి ముందే ఎక్కువగా వస్తుంది. బాబాయో పెదనాన్నో ఒక్కరు గట్టిగా మీ పక్షాన నిలబడితే పాడె లేచే వేళకు అందరూ సర్దుకుంటారు. పురోహితుడు సమ్మతిస్తాడో లేదో రాత్రే అడిగి తెలుసుకోవాలి. ఒకరు కాదంటే చేయించే మరొకరు దొరుకుతారు. కూతురు పెళ్లయి వేరే గోత్రానికి వెళ్లిందన్న అభ్యంతరానికి, దౌహిత్రుడు, అంటే కూతురి కొడుకు, అనాదిగా చేస్తున్నాడు గదా అన్న సమాధానం చాలు.

కట్టెల మీద కాకుండా గ్యాస్ మీద దహనం చేస్తే తప్పా?

తప్పు అని ఎవరూ నిర్ధారించలేదు. కట్టె దొరకడం ఇక్కడ కష్టం కాదు. సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు విస్తారంగా ఉన్న జిల్లాలివి. కష్టమంతా పేర్చే మనుషులతోనూ, వానలతోనూ వస్తోంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరులో, తడిసిన కట్టెతో చితి సగం కాలి ఆగిపోవడం కుటుంబానికి మరపురాని బాధ. 2021 నవంబరులో వచ్చినంత వరద పెన్నకు వస్తే నది ఒడ్డున దహనం మాటే ఉండదు. గ్యాస్ లేదా విద్యుత్ దహనవాటికలో రెండు గంటల్లోపు పని ముగుస్తుంది, అస్థికలు అదే రోజు ఇస్తారు. చనిపోయినవారికి పేస్‌మేకర్ ఉంటే తప్పనిసరిగా ముందే తీయించాలి. వేడికి అది పేలుతుంది. తలకొరివి, కుండ పగలగొట్టడం, ప్రదక్షిణ వంటివన్నీ లోపలికి పంపే ముందు యథావిధిగా జరుపుకోవచ్చు.

పాడె మోయడానికి నలుగురు దొరకడం లేదు. వాహనంలో తీసుకుపోవచ్చా?

తీసుకుపోవచ్చు, ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్నది అదే. వీధి చివరిదాకానో, శ్మశానం గేటు నుంచి చితిదాకానో భుజాన మోసి మిగతా దూరం వైకుంఠ రథంలో వెళుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించినవారిని ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలకు డబ్బు కట్టనవసరం లేదు.

మా సొంత పొలంలోనే సమాధి చేసుకోవచ్చా?

పంచాయతీ అనుమతి లేకుండా చేయకూడదు. బావికి, చెరువుకు, కాలువకు దగ్గరగా ఉంటే అనుమతి రావడం కష్టం. జంగమ కుటుంబాల్లో కూర్చోబెట్టి ఖననం చేసే ఆచారం ఉన్నందున పొలంలో సమాధి అన్నది వారికి కొత్త కాదు; దహనాచారం ఉన్నవారు కూడా ఇటీవల పొలం గట్టున చలువరాతి సమాధులు కట్టిస్తున్నారు. పదేళ్లకు ఆ పొలం అమ్మవలసి వస్తే కొనేవాడు ముందు చూసేది ఆ సమాధినే. కాస్త అస్థిక ఉంచి చిన్న గుర్తు కట్టుకోవడం ఇంతకంటే తెలివైన పని.

## దినాల్లో

పదకొండు రోజులు సెలవు దొరకదు. మూడు రోజుల్లో ముగిస్తే దోషమా?

2020, 2021 కరోనా కాలంలో అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్న నిబంధన ఉన్నప్పుడు దినాలను కుదించుకోవడం చాలా ఇళ్లకు అలవాటైంది. ఆ అలవాటు నిలిచిపోయింది. మూడో రోజు పాలు పోసి, అయిదో రోజుకో ఏడో రోజుకో పెద్దకర్మ జరిపే ఇళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. వైదిక పద్ధతిలో దశాహం (పది రోజుల కర్మ), ఏకోద్దిష్టం (పోయినవారొక్కరికే పెట్టే శ్రాద్ధం), సపిండీకరణం (పోయినవారిని పితృదేవతలతో కలిపే కర్మ) వరుసగా జరగాలని పట్టింపు ఉన్న కుటుంబాల్లో ఒకరు ఊళ్లో ఉండి కర్మ నడిపిస్తే, మిగతావారు మొదటి మూడు రోజులకు, చివరి రెండు రోజులకు వచ్చిపోతున్నారు. మైల పట్టడం కూడా అలాగే మారింది: పది రోజులూ ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకుంటూ గుడికి, శుభకార్యాలకు మాత్రం దూరంగా ఉంటున్నారు. ఒక్క జాగ్రత్త అవసరం. ఎన్ని రోజులన్నది తొలినాడే నిర్ణయించి ఉత్తరక్రియల కార్డులో వేయించాలి. మధ్యలో మార్చితే దూరపు బంధువులు పదకొండో రోజుకు వచ్చి తాళం వేసిన ఇంటి ముందు నిలబడతారు.

పెద్దకర్మ భోజనాలకు అప్పు చేయవలసి వస్తోంది. తగ్గిస్తే మాట వస్తుందా?

వస్తుంది, రెండు నెలలకు పోతుంది. అప్పు మాత్రం అంత త్వరగా పోదు. షామియానా, క్యాటరింగ్, వెయ్యి మందికి విందు అన్నది ఈ ముప్పై నలభై ఏళ్లలో చేతిలో డబ్బు ఆడిన తరువాత పెరిగిన పద్ధతే గాని శాస్త్రం చెప్పినది కాదు. భోక్తలకు (కర్మలో భోజనానికి పిలిచే బ్రాహ్మణులకు), దగ్గరి బంధువులకు, పాడె మోసినవారికి, కాటికాపరికి భోజనం పెట్టి, మిగతావారికి కార్డులోనే సంస్మరణ మాత్రమేనని తెలిపితే ఎవరూ నొచ్చుకోరు. వంటకాల సంఖ్య బట్టి చనిపోయినవారి గొప్పతనాన్ని కొలిచే బంధువులు ప్రతి ఇంటికీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారికోసం పొలం కాగితాలు కుదువ పెట్టనక్కరలేదు.

అమ్మకు గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతు మాకు ఇష్టం లేదు. పెద్దవాళ్లను ఎలా ఒప్పించాలి?

మారుతున్న ఆచారాల్లో అన్నిటికంటే ఆలస్యంగా కదులుతున్నది ఇదే. తలకొరివి విషయంలో కూతురికి మద్దతు పలికిన మనుషులే పదో రోజు తల్లి పుస్తెలు తీయించే దగ్గర మౌనం వహిస్తారు. దీన్ని చేయించాలని ఏ చట్టమూ చెప్పదు, చేయకపోతే కర్మ అసంపూర్ణమవుతుందని చెప్పగల పురోహితుడూ అరుదు, ఎందుకంటే ఆ తంతును నడిపేది ఎక్కువగా ఇంటి ఆడవారే.

ముందు అమ్మను అడగాలి, అదీ నలుగురిలో కాదు, ఏకాంతంగా, అయిదారో రోజునే. కొందరు తల్లులు తాము చూసిన పద్ధతిలోనే జరగాలని కోరుకుంటారు; అప్పుడు పిల్లలు తమ ఆదర్శాన్ని ఆమె మీద రుద్దకూడదు. వద్దంటే ఆ మాటను పెద్దకూతురో కోడలో అందరికీ ముందే చేరవేయాలి, ఆ రోజు ఆమె పక్కన గట్టిగా మాట్లాడగల ఇద్దరు ఆడవాళ్లు కూర్చోవాలి. పుట్టింటివారు బట్టలు పెట్టే ఆచారాన్ని మాత్రం ఉంచుకుని తక్కినది వదిలేసిన ఇళ్లున్నాయి. మంగళసూత్రాన్ని ఆమే తన చేతులతో తీసి దాచుకున్న ఇళ్లున్నాయి. బొట్టు, గాజులు, రంగు చీర ఆ తరువాత కూడా ఆమె ఇష్టమే. మనవరాలి పెళ్లిలో అక్షింతలు వేయడానికి ఆమెను ముందుకు పిలిచేదాకా ఈ మార్పు పూర్తయినట్టు కాదు.

మా ఇంట్లో సగం మంది చర్చికి వెళతారు, సగం మంది వెళ్లరు. తాతయ్యకు ఏ పద్ధతిలో చేయాలి?

చనిపోయినవారు దేన్ని పాటించారో అదే పద్ధతి. నిర్ణయించవలసింది మిగిలినవారి మతం కాదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతమిది. ఒకే వంశంలో రెండు విశ్వాసాలు ఉండటం ఇక్కడ నిన్న మొన్నటి సంగతి కాదు. తాతయ్య సంఘ సభ్యులైతే పాస్టర్ ప్రార్థన, సమాధుల తోటలో ఖననం, తరువాత ఆదరణ కూటం జరిపి, హిందువులుగా ఉన్న బంధువులు పూలు వేసి నమస్కరించుకునే వ్యవధి ఇస్తే సరిపోతుంది. ఆయన మనసు ఎవరికీ తెలియకపోతే భార్య మాట, ఆమె లేకుంటే దగ్గర ఉండి సాకినవారి మాట చెల్లాలి. ముస్లిం బంధుత్వం కలిసిన ఇళ్లలో ఖననం ఆలస్యం చేయరు గనుక, దూరాన ఉన్నవారు జనాజాకు (అంతిమ ప్రార్థనకు) అందకపోయినా మూడో రోజు జరిపే ప్రార్థనకు, జియారత్‌కు, వస్తున్నారు.

కర్మలు లేకుండా సంస్మరణ సభ ఒక్కటే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన నెల్లూరు జిల్లాలో వామపక్ష, హేతువాద కుటుంబాలకు ఇది రెండు మూడు తరాల పాత ఆచారం. సభ గంటన్నర మించకూడదు, మాట్లాడేవారిలో ఇంటి మనిషి, పనిలో తోడున్న మనిషి తప్పక ఉండాలి. వేదిక మీద నాయకులు ఎక్కువైతే పోయినవారి గురించి ఎవరూ మాట్లాడరు.

## అస్థికలు

పెన్నలో నీళ్లు లేవు. అస్థికలు ఎక్కడ కలపాలి?

వేసవిలో సోమశిల నుంచి నీరు వదలనప్పుడు నెల్లూరు దగ్గర పెన్న ఇసుకతిన్నెలుగా మిగులుతుంది. మడుగులో కలపడం ఎవరికీ తృప్తినివ్వదు. నెల్లూరువారు మైపాడు, ఒంగోలువారు కొత్తపట్నం సముద్రతీరానికి వెళ్లడం సాధారణమైంది. కృష్ణకో, శ్రీశైలం పాతాళగంగకో వెళ్లేవారూ ఉన్నారు. కాశీ వెళ్లలేనివారి కోసం తపాలా శాఖ 2021లో స్పీడ్ పోస్టు ద్వారా కాశీ, ప్రయాగ, హరిద్వార్, గయలకు అస్థికలు పంపే ఏర్పాటు చేసింది. కుండనో గుడ్డమూటనో నీటిలో విడవవచ్చు గాని ప్లాస్టిక్ కవరును కాదు. ఇంట్లో చోటు లేకపోతే శ్మశానంలోనే కొన్నాళ్లు భద్రపరచమని అడగవచ్చు. తొందరపడి ఏదో ఒక చోట కలపనక్కరలేదు.

## కాగితాలు

మరణ ధ్రువీకరణ పత్రం ఎన్ని రోజుల్లో తీసుకోవాలి? చెన్నై ఆసుపత్రిలో పోతే ఎక్కడ?

మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది, సొంత ఊళ్లో కాదు. నెల్లూరు నుంచి చెన్నైకో వేలూరుకో, ఒంగోలు నుంచి గుంటూరుకో వైద్యానికి వెళ్లి మరణించినవారి కుటుంబాలు ఊరి పంచాయతీ చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోవడం చాలా మామూలు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం గడువు 21 రోజులు. ఆ తరువాత 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో, ఏడాది దాకా అధికారి రాతపూర్వక అనుమతితో, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేయాలి. ఆసుపత్రిలో మరణిస్తే తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. కానీ పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో డిశ్చార్జి సమయంలోనే చూసుకోవాలి. బ్యాంకు, బీమా, పింఛను, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ ఆ అక్షరాల మీదే ఆధారపడతాయి.

## ఏడాది గడిచాక

చౌరస్తాలో ఫ్లెక్సీ, ఊరి మధ్య విగ్రహం పెట్టాలని తమ్ముళ్లు అంటున్నారు. పెట్టవచ్చా?

ఫ్లెక్సీకి మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి ఉండాలి. విగ్రహం విషయంలో, రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. సొంత స్థలంలో పెట్టుకోవచ్చు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో పోయినవారి ముఖం ఒక మూలకు జరిగి, నివాళి అర్పించేవారి ముఖాలు పెద్దవవుతున్నాయన్న విమర్శ న్యాయమైనదే. అదే ఖర్చుతో బడికి బల్లలో, వేసవిలో చలివేంద్రమో, ఒక విద్యార్థి ఫీజో ఏర్పాటు చేసిన కుటుంబాల పేరు ఊళ్లో ఎక్కువ కాలం నిలుస్తోంది.

నాన్న ఫోన్, ఫేస్‌బుక్, ఫోటోలు ఏం చేయాలి?

సిమ్‌ను వెంటనే రద్దు చేయకూడదు. బ్యాంకు, బీమా ఓటీపీలు దానికే వస్తాయి. ఫేస్‌బుక్ ఖాతాను మరణ పత్రం చూపించి స్మారక ఖాతాగా మార్పించవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది కనుక అందులోని మాటలను, ఫోటోలను ముందే భద్రపరచుకోవాలి. బతికున్నవారు గూగుల్ ఖాతాలో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అమర్చుకుంటే, తమ తరువాత ఎవరికి ఏది అందాలో వారే నిర్ణయించినట్టవుతుంది.

తద్దినం పెట్టే వీలు లేదు. తారీఖు ప్రకారం అన్నదానం చేస్తే సరిపోతుందా?

మీ కుటుంబ విశ్వాసానికి సరిపోతే సరిపోతుంది. ఆబ్దికం చాంద్రమాన మాసం, పక్షం, తిథి ప్రకారం వస్తుంది, కాబట్టి ప్రతి ఏడూ ఇంగ్లీషు తారీఖు మారుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు గుర్తు పెట్టుకోలేక తారీఖునే పాటిస్తున్నారు. తిథి తెలియనివారికి, ఏడాదిలో పెట్టలేకపోయినవారికి భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షాలు, ముఖ్యంగా ఆ అమావాస్య, ఉన్నాయి. అన్నదమ్ములు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఒకరు తిథి నాడు పిండం పెట్టి, మరొకరు తారీఖు నాడు వృద్ధాశ్రమంలో భోజనం పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తున్న సర్దుబాటు. మొదటి సంవత్సరీకం మాత్రం వీలైతే అందరూ ఒకే చోట కలిసి జరుపుకోవాలి. మాసికాలు, అంటే మొదటి ఏడాది నెలనెలా పెట్టేవి, తప్పిపోయినవారు వాటినీ అప్పుడే కలిపి చేయించుకుంటారు.